ఒక్క కాపలా చాలన్న నక్క

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు విప్పలేను కాబట్టి కాగితం మీద చెబుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒక ఆఫీసు ఉండేది. అందులో ఒక కంప్యూటర్. ఏ గుహ ఎవరిదో, ఏ చెలమలో ఎవరు తాగాలో, అన్నీ దాన్లోనే. ఇళ్ళల్లో ఫొటోలు ఉంచుకుంటే చెదలు తింటాయి, మాకివ్వండి, భద్రంగా దాస్తాం అని ఆఫీసువాళ్ళు చెప్పారు. అందరితోపాటు జింక కూడా ఇచ్చింది. దాని దగ్గరున్నది ఒక్కటే ఫొటో, వరదలో కొట్టుకుపోయిన పిల్లది. కంప్యూటర్లోకి ఎక్కించాక అసలు ఫొటోని ఎవరో ఎక్కడో పడేశారు. వారం వారం జింక ఆఫీసుకొచ్చి, తెర మీద పిల్లని చూసుకుని వెళ్ళేది.

ఒకరోజు కంప్యూటర్ పెట్టెలోంచి కటకటమని చప్పుడు మొదలైంది. దాన్ని నడిపే కోతి, లోపలి డిస్కు పోయేలా ఉందని నసిగింది.

"చప్పుడొస్తోందంటే పనిచేస్తున్నట్టే కదా," అంది కార్యదర్శి నక్క. "నువ్వెప్పుడైనా చప్పుడు లేకుండా పనిచేశావా?"

కోతి తల దించుకుని తన పనిలో పడింది.

ఆ వారం వచ్చి చప్పుడు విన్న జింక ఊరుకోలేదు. వెళ్ళి అధ్యక్షుడు ఏనుగు కాళ్ళ మీద పడింది. ఏనుగు మీటింగ్ పెట్టింది. ఆ చప్పుడు మంచిదా చెడ్డదా అని పొద్దుపోయేదాకా మాట్లాడుకుని, వెలగపళ్ళు తిని, చివరికి ఇంకో డిస్కు తెచ్చి అన్నీ కాపీ చేయమన్నారు. కోతి చేసింది.

"ఆ రెండోదాన్ని ఏటి అవతల తాబేలు ఇంట్లో పెట్టండయ్యా. ఇక్కడేమైనా అయితే అక్కడిది మిగులుతుంది," అంది జింక.

ఆఫీసుకి కాపలా ఉన్నది నక్క బావమరిదే. ఏరు దాటడమంటే వాడికి బద్ధకం.

"రెండూ ఒక్కచోట ఉంటే ఒక్క కాపలా చాలు. ఇది ఆఫీసు పని, నీకు తెలీదులేమ్మా," అని నక్క కొత్త డిస్కుని పాత పెట్టె నెత్తినే పెట్టించింది. ఏనుగు తల ఊపింది. ఏనుగు ఎలాగూ తల ఊపుతూనే ఉంటుంది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు పూజారి ఎలుగుబంటి రెండిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండ వేసింది. ఈ ఏడు పెట్టెకి ఒంట్లో బాగాలేదు కాబట్టి కొబ్బరికాయ దాని నెత్తినే కొట్టాలనీ, అదీ అధ్యక్షులవారే కొట్టాలనీ నక్క సలహా ఇచ్చింది. ఏనుగు తొండంతో ఎత్తి కొట్టింది. నీళ్ళు డిస్కులోకి, దాని మీంచి పెట్టెలోకి దిగాయి. కటకట ఆగిపోయింది.

"చూశారా, జబ్బు నయమైంది," అంది నక్క. అందరూ చప్పట్లు కొట్టి కొబ్బరి ముక్కలు తిన్నారు.

మర్నాడు కోతి ఎంత నొక్కినా తెర వెలగలేదు. డిస్కూ అంతే. విచారణ జరిపి, కొబ్బరినీళ్ళు పవిత్రమైనవి కాబట్టి తప్పెవరిదీ కాదని తేల్చారు. ఆ సాయంత్రమే అడవిపంది వచ్చి నక్క గుహలో చేరింది. ఇది నీదని రాత ఎక్కడుందో చూపించమంది. అప్పట్నుంచి నక్క పడక ఆఫీసులోనే, బావమరిది కాపలాలో.

జింక వచ్చి ఖాళీ తెర ముందు నిలబడింది.

"ఫొటో పోతే ఏమైందమ్మా, పిల్ల నీ కళ్ళల్లోనే ఉంటుంది కదా," అంది నక్క.

"ఉంటుందనే అనుకున్నానయ్యా. దాని తెల్లమచ్చ కుడిచెవి మీదో ఎడమచెవి మీదో, ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తురావడం లేదు."

అయితే వచ్చే దసరాకి రెండు కాయలు కొట్టిద్దామంది నక్క.

ఇందులో నీతి ఏమిటంటే, రెండో కాపీని ఎప్పుడూ మొదటిదాని నెత్తినే పెట్టుకోవాలి, అప్పుడు రెండిటికీ కలిపి ఒక్కసారి ఏడిస్తే సరిపోతుంది.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే, మా ఇంట్లో కంప్యూటర్ పక్కనే పడున్న రెండో డిస్కు మీది దసరా బొట్టు తుడిచి, తువ్వాలులో చుట్టుకుని, బస్సెక్కి వెళ్ళి పక్క ఊళ్ళో మా ఆడపడుచు బీరువాలో పెట్టి వచ్చాను.