బొట్టు పెట్టిన క్యాము

శఠగోపం మాస్టారి తుమ్ముకు నడిచే ఇంజన్లను ఆపే శక్తి ఉన్నదని పాకాలలో నమ్మనివారు లేరు, తుమ్మిన ఆ ఒక్కరు తప్ప.

ఆ శుక్రవారం, రిటైరైన ఆ సైన్సు మాస్టారు వేసుకున్న పథకం చాలా సాదాది. బస్సులు సమ్మెలో ఉన్నాయి కనుక పరంధామయ్య టాక్సీలో పొద్దున్నే బయలుదేరి, కుమార్తె కల్యాణవల్లిని మధ్యాహ్నం రెండింటికల్లా తిరుపతిలో టైపిస్టు ఉద్యోగపు ఇంటర్వ్యూకు చేర్చాలి. మూడేళ్లలో ఆమెకు వచ్చిన మొదటి పిలుపు అది. టాక్సీకి మెకానిక్ ఏకాంబరం ముందురోజే కొత్త క్యాము బిగించాడు. ఇంజన్లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో శాసించే ఇరుసు అది.

పరంధామయ్య భార్య భారతమ్మ బండికి సాంబ్రాణి వేసింది. ఆ పొగకు మాస్టారు తుమ్మారు. అప్పుడే పరంధామయ్య తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, టపాకాయలా ఒక్కసారి పేలి, ఊరకుండిపోయింది.

"ఒక్క నిమిషం ఓర్చుకోకూడదా సార్?" అన్నాడు పరంధామయ్య.

"తుమ్ము నన్నడిగి రాలేదప్పా."

అపశకునం పోవడానికి అందరూ కూర్చుని మంచినీళ్లు తాగారు. ఇంజను తాగలేదు గాబోలు, మళ్లీ పేలింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కాలంటే బండి కదలాలి గనుక ఏకాంబరంతో సహా నలుగురు తోశారు. నిమ్మకాయలు నలిగాయి గాని ఇంజను పలకలేదు. గుమ్మడికాయ కొట్టాక, జనం మాస్టారిని రోడ్డు అవతలి సోడా బంకు వద్దకు పంపి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొమ్మన్నారు. తొమ్మిదైంది.

"నాయనా, నడిచిపోతే ఎప్పటికి చేరతాం?" అంది కల్యాణవల్లి.

"రేపటికి," అని, ఆయన తువ్వాలు తీసి కేకేశారు. "ఏకాంబరం, క్యాము పెట్టేటప్పుడు టైమింగు మార్కులు చూసినావా?"

"సూసినా సార్. కింది పళ్లచక్రానికి గుంత, పైన క్యాము చక్రానికి ఎర్ర చుక్క. రెండూ ఎదురెదురుగా పెట్టినా."

"పైదానికీ గుంతే ఉండాల. ఎర్ర చుక్క ఎవరు పెట్టినారు?"

"కంపెనీ వాళ్లే పెట్టుంటారు."

"వాళ్లకేం తెలుసబ్బా మర్యాద," అంది భారతమ్మ. "కొత్త సామానును బొట్టు లేకుండా లోపలికి పంపిస్తామా? నిన్న పూజ చేసి నేనే పెట్టినా."

కవరు విప్పడానికి, మళ్లీ బిగించడానికి మూడు గంటలు పట్టింది. అసలు గుంత బొట్టుకు రెండు పళ్ల అవతల, పసుపు కింద దాగి ఉంది. గుంతకు గుంత ఎదురుగా తెచ్చి, మాస్టారు రోడ్డవతలి నుంచి ఆజ్ఞాపించగా, ఏకాంబరం ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాడు. గుంతలు మళ్లీ ఎదురుపడ్డాయి.

పన్నెండున్నరకు తండ్రీకూతుళ్లు బండెక్కారు. భారతమ్మ మళ్లీ సాంబ్రాణి వేసింది. మాస్టారు మళ్లీ తుమ్మారు. ఇంజను మెత్తగా మోగింది. కల్యాణవల్లి పది నిమిషాల ముందే చేరింది, ఉద్యోగమూ వచ్చింది.

అయితే ఒంటి తుమ్ము చెరుపు, రెండో తుమ్ము మేలు అనే శాస్త్రం ఊరికి కంఠోపాఠం. నాటి నుంచి బండి మొరాయించినవారు సాంబ్రాణి పొట్లంతో మాస్టారి గడప తొక్కుతున్నారు. వచ్చినవారందరికీ ఆయన చెప్పేది ఒక్కటే: తుమ్మింది శుక్రవారం, బొట్టు పెట్టింది గురువారం.