కవానా తాత ఒక్క ఓటు

మంగళవారం ఉదయం తెపయెరు అవ్వ పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికి రాజధాని రారోటోంగా నుంచి విమానం దిగుతుంది. అందులో వచ్చే అధికారిణిని ఊరి హాలుకు తీసుకొచ్చి, మోతుకేనా దీవి నియోజకవర్గం ఎన్నికల చరిత్ర వినిపించి, కొబ్బరిబోండం, ఉడికిన చేమదుంప పెట్టి సాగనంపాలి. అంతే.

అవసరం మాత్రం పెద్దది. దీవిలో ఓటర్లు అరవై ముగ్గురే మిగిలారు. ఇంత చిన్న సీటు దేనికి, పక్క దీవిలో కలిపేద్దామని రాజధానిలో ఎవరికో తోచింది; అది తేల్చడానికే ఈ అధికారిణి వస్తోంది. పక్క దీవికి పడవలో ఆరు గంటలు. అక్కడి ఎంపీ మన రేవు గురించి మాట్లాడతాడని నమ్మే అమాయకులు మోతుకేనాలో లేరు.

అవ్వకు డెబ్బై నాలుగేళ్లు. పద్దెనిమిదో ఏట పోలింగ్ గుమాస్తాగా కూర్చున్నది మొదలు ఒక్క ఎన్నికా తప్పలేదు. ఏ సంవత్సరం ఎవరికి ఎన్ని పడ్డాయో, ఎన్ని చెల్లలేదో, ఆ రోజు వాన ఏ వేళకు వచ్చిందో కాగితం చూడకుండా చెబుతుంది. ఆమె లెక్కను కాదన్నవాడు దీవి మొత్తానికి ఒక్క కవానా తాతే. 1972లో ఆయన నలభై ఒకటికి నలభై ఓట్లతో ఓడిపోయాడు. ఆ తర్వాత యాభై రెండేళ్లుగా, చర్చి మెట్ల దగ్గర కనబడినప్పుడల్లా, "లెక్క సరిగ్గానే పెట్టావా, పిల్లా?" అని అడుగుతూనే ఉన్నాడు. అవ్వ నవ్వి ఊరుకునేది. ఇంటికి వెళ్లాక మాత్రం అన్నం సహించేది కాదు.

ఆ ఉదయం ఆమె అధికారిణికి చూపించడానికి పాత రేకు బ్యాలెట్ పెట్టెను తుడిచి హాల్లో బల్ల మీద పెట్టింది. తర్వాత చెల్లెలి కూతురు తువాయినెను పిలిచింది.

"ఊళ్లో చెప్పిరావే. మన ఎంపీ సీటు పోయేలా ఉంది, ఎన్నికల సంగతి మాట్లాడాలి, పదింటికల్లా అందరూ హాలుకి రావాలని చెప్పు."

"టోపీలు పెట్టుకుని రమ్మననా, పెద్దమ్మా?"

"మరి ఉత్త తలలతో వస్తారా?"

తువాయినె ఆ మాటను కానిస్టేబుల్ నోరోవాకు అప్పగించింది. అతనికి మోటార్ సైకిలుంది, మైకుంది. మైకులో బ్యాటరీ మాత్రం అయిపోవస్తోంది. దాంతో ఇళ్లలో ఉన్నవాళ్లకు వినబడింది ఇంతే: "మన ఎంపీ... పోయే... ఎన్నికల... పదింటికల్లా... హాలుకి..."

ఎంపీ తెయోకో మేనత్త చేతిలో చీపురు వదిలేసి వాకిట్లోనే కూలబడింది. ఫోన్ చేస్తే కలవలేదు. ఆమె ఏడుపు విని పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు అందుకున్నారు. చర్చి గంట మోగింది. తొమ్మిది కొట్టేసరికి సంతాపం విందు కోసం రెండు పందులు మట్టిపొయ్యిలోకి వెళ్లాయి. ఎనభై మూడేళ్ల కవానా తాత పెట్టె అడుగున ఉన్న నల్లకోటు బయటికి తీశాడు.

"పోయినవాణ్ణి ఏమీ అనకూడదు," అన్నాడు గుండీలు పెట్టుకుంటూ. "సీటు మాత్రం ఖాళీగా ఉండకూడదు. నేను నిలబడతాను."

అవ్వ ఇంటికెళ్లి మంచి టోపీ పెట్టుకుని తిరిగొచ్చేసరికి హాలు ముందు వరుస వంకర లేకుండా నిలబడి ఉంది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. నడవలేని ఇద్దరిని తోపుడు బండ్లలో తెచ్చారు.

"ఏంట్రా ఇది?"

"ఓట్లకొచ్చారు, అవ్వా," అన్నాడు నోరోవా. "తోసుకోకుండా నేనే లైను పెట్టించాను."

"ఇవాళ ఎన్నికలు లేవురా. ఇళ్లకి పొమ్మను."

వరుస కదల్లేదు. "పెట్టె కనబడుతోంది కదా," అన్నారు ముందున్నవాళ్లు. "మేం పొద్దున్నే వచ్చాం, చోటు వదలం," అన్నారు వెనకున్నవాళ్లు.

అంతలో విమానాశ్రయం ట్రక్కు వచ్చి ఆగింది. వెనక నుంచి అధికారిణి మెతువా, ఆమె వెంట ఎంపీ తెయోకో దిగారు. ఏడుస్తున్న ఆడవాళ్లను చూసి తెయోకో ముఖం పాలిపోయింది.

"ఎవరు పోయారు, అత్తా?"

"నువ్వే," అంటూ మేనత్త తడి రుమాలుతో అతని వీపు మీద ఒక్కటేసింది. "పొద్దుట్నించీ ఏడుస్తున్నాను. ఫోనెత్తడానికేం రోగం?"

"విమానంలో ఉన్నానత్తా."

మెతువా ఫైలు తెరిచింది. "అసలు వీళ్లందరూ ఎందుకు నిలబడ్డారు?"

అవ్వకు అబద్ధం చెప్పడం చేతకాదు. చాటింపు దారి తప్పిందని ఉన్నదున్నట్టు చెప్పి, చరిత్ర మొదలుపెట్టింది. మొన్నటి ఎన్నికల నుంచి ఒక్కొక్కటే వెనక్కి వెళుతూ 1989 దగ్గర ఆగిపోయింది. జన్మలో మొదటిసారి అంకె గుర్తుకు రాలేదు. సిగ్గుతో తల దించుకుంది. తన మతిమరుపే సీటును ముంచేసిందనిపించింది.

"ముప్పై నాలుగు, ఇరవై తొమ్మిది," అన్నాడు వరుసలోంచి ఒక జాలరి. "తుఫాను రోజది. పెట్టె నెత్తిన పెట్టుకుని మా నాన్న ఈదుకుంటూ పడవెక్కాడు. ఒక్క కాగితం తడవలేదు."

"1983 నేను చెబుతా," అంది తోపుడు బండిలో ఉన్న ముసలామె. "ముప్పై ఏడు, ముప్పై ఆరు. ఓడినవాడే గెలిచినవాడికి విందు చేశాడు."

అంకె వెంట అంకె వరుసలోంచి వచ్చింది. అవ్వ ఇన్నాళ్లూ తను ఒక్కతే మోస్తున్నాననుకున్నది అందరి నోటా ఉంది. మెతువా రాసుకుంటూ పోయింది. 1972 వంతు వచ్చింది. అందరి చూపులూ నల్లకోటు మీదే ఉన్నాయి.

కవానా తాత టోపీ తీశాడు. "నలభై ఒకటి, నలభై. లెక్క సరైనదే."

"మరి ఇన్నేళ్లూ నన్నెందుకు సతాయించావయ్యా?"

"ఆ నలభై ఒకటోది నాది, పిల్లా. నాకు నేను వేసుకోవడం మర్యాదగా ఉండదని ఎదుటివాడికేశాను. ఒక్కటే తేడా అని తెలిశాక ఎవరికి చెప్పుకోను? నీ లెక్క తప్పయితే బాగుండునని చూశాను."

అవ్వ తనకు కోపం వస్తుందనుకుంది, రాలేదు. అధికారిణి కోసం కొట్టించిన కొబ్బరిబోండాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఎంతమంది వచ్చారు?" అని అడిగింది మెతువా.

"అరవై ఇద్దరు. నాతో అరవై మూడు."

"ఎన్నికలు ఉన్నచోటే ఇంతమంది రారు," అంటూ ఆమె ఫైలు మూసింది. తెయోకో సంతాపానికి వండిన పందిమాంసాన్ని తెయోకోయే వడ్డించాడు. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. మోతుకేనా సీటు మోతుకేనాకే ఉంటుందని అందులో ఉంది.

ఆ తర్వాత వచ్చిన అసలు ఎన్నికల్లో కవానా తాత మళ్లీ నిలబడి, ఈసారి సిగ్గు పడకుండా తనకే ఓటేసుకున్నాడు. ఆయనకు పడింది ఆ ఒక్కటే.