తీగ మీద అయిదుగురు పెద్దరాములు

ఆ ఆదివారం పెందలాడే తలంటు పోసుకుని, కింది వాటాలో రవళి నిశ్చితార్థానికి పట్టుచీరలో దిగాలని వీరలక్ష్మి ఏర్పాటు. కానీ పటేల్‌గూడ ఇంట్లో వాళ్లకున్న ఒక్క బాత్రూమునూ రిటైరైన ఫ్యాక్టరీ ఫోటోగ్రాఫరు, ఆమె భర్త రామలింగేశ్వరరావు డార్క్‌రూమ్ చేసుకున్నాడు. రవళి తాత, ఇంటి ఓనరు పెద్దరాములుకు నలుపు తెలుపు ఫోటో కానుకిస్తానని మాటిచ్చాడు మరి.

"ఏవండీ, అయిందా?"

"తలుపు తియ్యకు. పసుపు ఫిల్టరు పెడితే మొహం, తలపాగా రెండూ బూడిదలా ఉన్నాయి."

"గులాబీది పెట్టి చావండి."

"పెట్టాను. మొహం బొగ్గయింది. తలపాగా ఒక్కటే మిగిలింది."

నలుపు తెలుపుల తేడాను పసుపు తగ్గిస్తుంది, గులాబీ పెంచుతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలో తేలక ఆయన ఒక్కో ప్రింటే తలుపు సందులోంచి అందిస్తుంటే, ఆమె విసుక్కుంటూ బాల్కనీ తీగకు క్లిప్పులు పెట్టింది. మొత్తం అయిదు. మొదటిదాంట్లో బూడిదరంగులోనైనా మనిషిలా ఉన్న పెద్దరాములు చివరిదానికి పొగైపోయాడు.

పెళ్లికొడుకు మేనత్త బక్కమ్మ అందరికంటే ముందొచ్చి, గేటు దగ్గర తలెత్తి తీగ మీది పెద్ద ఫోటోలు చూసింది. ఆమె ఎరుకలో మనిషి ఫోటో పెద్దది చేయించేది ఒక్కసారే. దాన్ని ఆ మనిషి చూసుకోడు. వెంటనే చిట్కుల్‌లో ఉన్న తమ్ముడికి, అంటే పెళ్లికొడుకు తండ్రికి, ఫోన్ కొట్టింది.

"అరేయ్ జైపాల్, ముసలాయన పోయిండు. ఇగ ఏడాది దాకా లగ్గం ముచ్చట లేదు. మిఠాయి ఆడనే పెట్టి దండ పట్టుకరా."

జైపాల్ పంతులుగారిని రావద్దన్నాడు. పంతులుగారు టెంటువాళ్లకు చెప్పారు. టెంటువాళ్లు వచ్చి రంగుల షామియానా విప్పసాగారు.

"ఏంది, ఇప్పుతున్రు?" అంది పెద్దరాములు భార్య మల్లవ్వ.

"తెల్లది ఏస్తమవ్వా."

"తెల్లదైతే సల్లగుంటది. జల్దీ ఏయిండ్రి."

మగపెళ్లివారు తలలు వంచుకుని దిగారు. జైపాల్ మల్లవ్వ చేతులు పట్టుకున్నాడు. "ధైర్యం జేసుకోవాలె అవ్వా."

"జేసుకోక తప్పుతదా బిడ్డా, గింత పని ముంగటేసుకొని."

అప్పుడు కొత్త తలపాగాతో పెద్దరాములు బయటికొచ్చాడు. మగపెళ్లివారు రెండడుగులు వెనక్కేశారు. ఆయన జైపాల్ చేతిలోని దండ చూసి, మురిసిపోయి మెడ వంచాడు.

"గిదంతా ఎందుకు బిడ్డా, ఇంటోళ్లమే గదా."

జైపాల్ దండ వేశాడు. ఆనక పక్కకు పోయి పంతులుగారికి ఫోన్ చేసి, జెర జల్దీ రమ్మని బతిమాలాడు. బక్కమ్మ మాత్రం పెద్దరాములు కాళ్ల వంక చూస్తూనే ఉంది.

అంతలో మేడ మెట్ల మీద రామలింగేశ్వరరావు ఫ్రేముతో ప్రత్యక్షమయ్యాడు. "కుదిరింది. మధ్య ఫిల్టరు!"

తలంటు లేకుండానే పట్టుచీర కట్టుకుని, బాల్కనీలోంచి దండ తతంగమంతా చూసిన వీరలక్ష్మి ఆ ఫ్రేము లాక్కుని కొంగు చాటున పెట్టేసింది.

రవళి వేలికి ఉంగరం పడింది. ఫోటో నిజంగా బ్రహ్మాండంగా వచ్చింది గానీ, ఇప్పటికీ వీరలక్ష్మి బీరువాలోనే ఉంది. అది గోడకెక్కాలంటే ముందు పెద్దరాములు సహకరించాలి.