ఫీటె మొరగని మధ్యాహ్నం

ఆ రోజు పొద్దున అన్నెగ్రెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా తన కుక్క ఫీటె నోరు తెరవకూడదు.

ఆ సరస్సు ఒడ్డున ఉన్న వేసవి సెలవుల క్యాంపులో కుక్కలకు మర్యాదకేమీ తక్కువ లేదు. వాటికి విడిగా ఒక రేవు ఉంది, ఒళ్ళు కడగడానికి వేడినీళ్ళ గొట్టం ఉంది, గేటు దగ్గర తాగడానికి గిన్నె ఉంది. కానీ ఒంటిగంట కొట్టాక మధ్యాహ్న విశ్రాంతి మొదలవుతుంది. గేటు కర్ర కిందికి దిగుతుంది. బండి కదలకూడదు, సుత్తి మోగకూడదు, పిల్లలు బంతి ముట్టకూడదు. దగ్గు వచ్చినవాళ్ళు తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతారు. అలాంటి వేళలో ఫీటె కిందటి వారం ఒక ఉడతను చూసి మొరిగాడు. మొన్న పోస్టు సైకిలును చూసి మళ్ళీ మొరిగాడు. మూడోసారి మొరిగితే కుక్క బయటికేనని క్యాంపు కాపలాదారు క్రూజ తేల్చేశాడు.

కుక్క బయటికి వెళితే అన్నెగ్రెట్ కూడా బయటికే. భర్త పోయిన తర్వాత ఫీటె లేకుండా ఆమె ఒక్క రాత్రీ నిద్రపోయింది లేదు. నీళ్ళకు ఎదురుగా ఉన్న ఈ స్థలంలో వాళ్ళ క్యారవాన్, కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, పందొమ్మిది వేసవులుగా నిలబడుతోంది. నలభై దాటిన వయసులో భర్త ఆమెకు ఈత నేర్పింది ఈ ఒడ్డునే. ఏటా సెప్టెంబరులో తాళం వేసి వెళ్ళేటప్పుడు ఆమె తలుపు పిడిని రెండుసార్లు తడిమి చూసుకుంటుంది, ఇదే ఆఖరిసారేమోనని.

"అక్కా, కుక్కకి నువ్వు కాపలానా, నీకు కుక్క కాపలానా?" అంది చెల్లెలు లోరె, కాఫీ తాగుతూ.

"నువ్వు నవ్వు. ఆ క్రూజ మన స్థలం మీద కన్నేశాడు."

ఆ మాట అబద్ధం కాదు. వాళ్ళ వెనక, గడ్డివాలు పైన, క్రూజ క్యారవాన్ ఉంది. అక్కణ్ణుంచి సరస్సు సగమే కనబడుతుంది, మిగతా సగానికి అన్నెగ్రెట్ క్యారవాన్ అడ్డం. ఆ పొద్దున క్రూజ తన క్యారవాన్ కింద వంగి, నాలుగు మూలల్లో దాన్ని నిలబెట్టిన ఇనప కాళ్ళను ఒక్కొక్కటే తిప్పి పైకి ఎత్తేశాడు. తర్వాత చేతి బ్రేకు వదిలేశాడు. దొర్లకుండా చక్రానికి అటూ ఇటూ పెట్టిన రెండు పసుప్పచ్చ దిమ్మలు మాత్రం ఉంచాడు.

"ఏంటి క్రూజ గారూ, ప్రయాణమా?" అని లోరె పలకరించింది.

"ప్రయాణం కాదు. మూడింటికి కొంచెం జరుపుదామని."

"ఎక్కడికీ?"

"ఎక్కడ ఖాళీ అయితే అక్కడికి," అన్నాడు క్రూజ, ఫీటె వైపు చూస్తూ.

అన్నెగ్రెట్ వెంటనే కుక్కను తీసుకుని సరస్సు చుట్టూ నడిచింది. రేవులో ఈదించింది. కర్ర విసిరి తెప్పించింది, మళ్ళీ విసిరింది. పక్క స్థలంలో ఉండే హోల్గర్, రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, "కుక్క అలిసిందో లేదో గానీ మీరు మాత్రం పడిపోయేలా ఉన్నారు," అన్నాడు. నొక్కితే కీచుమనే రబ్బరు బాతంటే ఫీటెకు ప్రాణం. చప్పుడు చేస్తుందని అన్నెగ్రెట్ దాన్ని అలమరలో దాచేసింది. ఫీటెను పొడుగు తాడుతో బల్లకు కట్టి, కాలేయం సాసేజి ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని కాపలా కూర్చుంది.

ఒంటిగంట అయింది. క్యాంపు మాటు మణిగింది. క్రూజ తన క్యారవాన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి గురక వినిపించింది.

బాతు లేని ఫీటెకు ఏమీ తోచలేదు. వాలు మీదికి తాడు అందినంత దూరం వెళ్ళి, నోట్లో ఏదో పసుప్పచ్చటిది కరుచుకుని వచ్చి, బల్ల కింద పడుకుని నమలసాగాడు.

"ఏదో నములుతున్నాడు," అంది లోరె గుసగుసగా. "నోరు ఖాళీగా లేదు, అదే పదివేలు."

అన్నెగ్రెట్ మురిసిపోయి ఒక సాసేజి ముక్క వేసింది. ఫీటెకు విషయం అర్థమయింది. మళ్ళీ వాలెక్కి రెండోది కూడా తెచ్చాడు. దానికీ ముక్క పడింది.

అప్పుడు అన్నెగ్రెట్ ఆ రెండింటినీ పరీక్షగా చూసింది. "లోరే, ఇవి ఎక్కడివే?"

లోరె జవాబు చెప్పేలోగా వెనక గడ్డి నలిగిన చప్పుడయింది. క్రూజ క్యారవాన్, యజమాని గురకతో సహా, మెల్లగా కిందికి బయల్దేరింది.

ఎవరూ అరవలేదు. మధ్యాహ్న విశ్రాంతి కదా.

క్యారవాన్ పెళ్ళి ఊరేగింపులా తీరిగ్గా అన్నెగ్రెట్ స్థలానికీ హోల్గర్ స్థలానికీ మధ్యనున్న దారిలోకి వచ్చింది. హోల్గర్ మేజోళ్ళతోనే లేచి, రెండు చేతులూ ఊపుతూ రైలును ఆపినట్టు ఎదురు నిలబడ్డాడు. అది ఆగలేదు. ఆయన పక్కకు తప్పుకుని తన మడత కుర్చీని చక్రం కిందికి తోశాడు. కుర్చీ ఫెళ్ళుమంది. "క్షమించండి," అన్నాడు హోల్గర్ నలుగురి వైపూ తిరిగి, వీలైనంత చిన్న గొంతుతో. అవతల మోటారు ఇంట్లో, అంటే ఇల్లులా అమర్చిన వ్యానులో, దిగిన సిల్కె అనే ఆవిడ, కేక వేయబోతున్న తన ఇద్దరు పిల్లల నోళ్ళనూ రెండు చేతులతో మూసేసింది.

క్యారవాన్ కుక్కల రేవు దాటి, నీళ్ళలో దిగి, తేలింది. గురక మాత్రం ఆగలేదు.

క్యాంపంతా ఒడ్డున చేరింది.

"ఆయనకి ఈత రాదు," అన్నాడు హోల్గర్ గుసగుసగా. "ఎవరైనా అరిచి లేపండి."

"మీరే అరవండి," అంది సిల్కె.

"నేనా? మొన్ననే నా రేడియో గురించి మాట పడింది. అన్నెగ్రెట్ గారూ, మీ కుక్కని మొరగమనండి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు."

"తప్పు పట్టకపోవడమేంటి? ఇది మూడోది. మమ్మల్ని పంపించేస్తారు."

నీళ్ళు క్యారవాన్ మొదటి మెట్టును ముంచాయి. అన్నెగ్రెట్ తన స్థలం వైపు ఒకసారి చూసింది. బల్ల, కాఫీ కప్పు, తలుపు పిడి. తర్వాత ఫీటె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మొరగరా నాన్నా. ఈ ఒక్కసారికీ మొరుగు."

ఫీటె ఆమెను అనుమానంగా చూశాడు. పొద్దుటి నుంచీ నోరు మూసుకుంటే సాసేజి దొరికింది. ఇందులో ఏదో మోసం ఉందని తేల్చుకుని, తోక మాత్రం ఆడించాడు.

"రాదా? ఇదిగో, ఇలా," అంది అన్నెగ్రెట్. గుండెల నిండా గాలి పీల్చుకుని, సరస్సు వైపు తిరిగి, "భౌ," అంది.

అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు. అవతలి ఒడ్డున కొంగలు లేచాయి. లోరె అక్క వైపు చూసి, ఆమె పక్కన మోకరిల్లి తనూ మొరిగింది. హోల్గర్ ఇంజను కూతలా ఒకటి సాగదీశాడు. సిల్కె చేతులు తీసేసింది. ఆ ఇద్దరు పిల్లలూ వేసవంతా దాచుకున్నదంతా బయటపెట్టారు. మరుక్షణం క్యాంపు క్యాంపంతా మొరుగుతోంది. ఫీటె చెవులు వెనక్కి పెట్టుకుని, వీళ్ళెవరో నాకు తెలియదన్నట్టు కూర్చున్నాడు.

క్యారవాన్ తలుపు ధడాలున తెరుచుకుంది. "ఎవరిదా కుక్క? మూడోసారి! ఇప్పుడే సామాను సర్దుకుని..." అంటూ క్రూజ బయటికి అడుగు వేసి, నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

క్యాంపు యజమానురాలు బేంకె ఇంటి చెప్పులతోనే పరుగున వచ్చింది. "మొరిగింది ఎవరు?"

చేతులన్నీ లేచాయి. ఫీటె పంజా ఒక్కటే లేవలేదు.

"దిమ్మలు తీసింది మాత్రం మా ఫీటెనే," అంది అన్నెగ్రెట్. లోరె కాలు తొక్కింది, అయినా ఆమె ఆగలేదు. "చూసుకోకుండా సాసేజి పెట్టింది నేను. తప్పు మాదే."

బేంకె పంటిగాట్లు పడిన దిమ్మలను తిప్పి చూసింది. "క్రూజ గారూ, దిమ్మలు పోతే బ్రేకు ఉండాలిగా? కాళ్ళు ఎందుకు ఎత్తారు?"

"మూడింటికి జరుపుదామని..."

"ఎక్కడికి?"

క్రూజ గడ్డంతో చూపించాడు. అందరూ అటు తిరిగారు. అక్కడ అన్నెగ్రెట్ క్యారవాన్, కిటికీ తెరల మీద కుట్టుపూలతో సహా, నిలబడి ఉంది.

"అందులో మనుషులున్నారు కదండీ," అంది బేంకె.

క్రూజ నీళ్ళలోకి చూశాడు. "ఎవరైనా బండి తెచ్చి లాగండి," అన్నాడు.

"లాగుదాం గానీ," అంది సిల్కె ఎంతో మర్యాదగా, "మూడింటి దాకా బండి కదపకూడదు కదండీ."

మూడు కాగానే సిల్కె మోటారు ఇల్లు క్రూజ క్యారవాన్‌ను బయటికి లాగింది. దానికి గేటు పక్కన, మరుగుదొడ్ల వెనక, ఎటూ వాలని నేల చూపించారు. అన్నెగ్రెట్ రావాలనుకున్నన్ని వేసవులు ఆ ఒడ్డు ఆమెదీ ఫీటెదీ అని బేంకె అందరి ముందూ చెప్పింది. హోల్గర్ విరిగిన కుర్చీని ఎత్తి చూపిస్తూ ఊరేగాడు. ఆ సెప్టెంబరులో అన్నెగ్రెట్ తలుపు పిడిని ఒక్కసారే తడిమింది.

ఆలోగా మధ్యాహ్న విశ్రాంతిలో మొరిగినందుకు మరో రెండు ఫిర్యాదులు వచ్చాయి, రెండూ ఫీటె మీద కాదు, అన్నెగ్రెట్ మీదే.