వెదురు గడకు ఆమోదం

మా పింగ్‌లియు గ్రామం మైనారిటీ జాతుల స్వయంసహాయ పథకానికి ఎంపికైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. చైనాలోని ఈ గ్వీజో కొండల్లో ఇన్ని డోంగ్ జాతి పల్లెలుండగా ఈ గౌరవం మాకే దక్కడానికి కారణం, ఆరో నెల వరదలో మా వంతెన కొట్టుకుపోవడం. ఊరు ఏటికి ఈవల, పొలాలు ఆవల. తొమ్మిదో నెలకు వరి పండుతుంది. ఆలోగా వంతెన లేకపోతే ఏడాదంతా పస్తే.

పథకం రాకముందే మేం తొందరపడి స్వయంసహాయం మొదలుపెట్టేశాం. ఆడపిల్ల పుట్టిన ఏడాదే, దాని పెళ్ళికని నాటుకున్న దేవదారు చెట్లు ఇంటికి రెండేసి నరికి తెచ్చాం. డెబ్భై ఎనిమిదేళ్ళ వడ్రంగి మేస్త్రి షి దెంగ్‌యావ్ ఒక వెదురు గడ మీద సిరాతో గీతలు పెట్టుకున్నాడు. ఏ దూలం ఎంత పొడవు, ఏ బెజ్జం ఎంత లోతు, అన్నీ ఆ గడ మీదే. మా పనిలో కాగితం ఉండదు, మేకూ ఉండదు.

అప్పుడు కౌంటీ ప్రభుత్వ కార్యాలయం నుంచి డైరెక్టర్ ఫాంగ్ గారు సహాయం చేయడానికి దయచేశారు.

"ప్లాను లేకుండా పనేమిటయ్యా?" అన్నారు.

"ఇదే బాబూ ప్లాను," అని మేస్త్రి గడ చూపించాడు.

ఫాంగ్ గారు ఎంతో ముచ్చటపడి, దాన్ని ఫైలుకు జతచేయమన్నారు. కారులో పట్టలేదు కాబట్టి నాలుగు ముక్కలు కోయించారు.

"అయ్యో, కోయించకండి బాబూ! నా చేతులు కోసినట్టే!"

"కంగారుపడకు తాతా. నాలుగూ ఒకే ఫైల్లో ఉంటాయి."

ఆమోదం వచ్చేదాకా ఎవరూ ఉలి ముట్టరాదని ఉత్తర్వైంది. ఈలోగా సహాయం ధారాళంగా అందింది. పట్నం నిపుణుడొకరు వచ్చి మేకులు కొట్టడంలో అయిదు రోజుల శిక్షణ ఇచ్చారు. మేస్త్రికి 'ప్రారంభ స్థాయి' పత్రం దక్కింది. తర్వాత, నాలుగు ముక్కల్లో మొదటి పేజీ ఏదో తెలపమని ఉత్తరం వచ్చింది. తెలిపాం. జవాబు లేదు. ఆవలి గట్టున వరి పండి పసుపుబారింది. పిట్టలు వాలి తింటుంటే ఈవలి గట్టు నుంచే అదిలించాం. అవి మమ్మల్ని లెక్కచేయలేదు. ఆ రోజుల్లో మాకు నిజంగా ఏడుపొచ్చింది.

అదృష్టవశాత్తూ, స్వయంసహాయంలో ప్రభుత్వ పాత్ర గురించి పట్నంలో సదస్సు పెట్టారు. ఫాంగ్ గారు పదకొండు రోజులు ఊళ్ళో లేరు.

"ఇంక ఆగేది లేదర్రా. కొత్త వెదురు కొట్టుకురండి," అన్నాడు మేస్త్రి. కళ్ళు మూసుకుని, కొలతలు తలచుకుని మళ్ళీ గీతలు పెట్టాడు. పదకొండో రోజుకు వంతెన నిలబడింది. పన్నెండో రోజుకు పిట్టలు మిగిల్చిన వరి ఇంటికి చేరింది.

పదమూడో రోజు ఫాంగ్ గారొచ్చారు. కూలగొట్టిస్తారేమోనని అందరం వంతెన దగ్గరికి పరుగెత్తాం. ఆయన వంతెన మీద రెండుసార్లు అటూ ఇటూ నడిచి, "బాగుంది. ఇందులో ప్రభుత్వ సహాయం ఎంత?" అని అడిగారు.

"పదకొండు రోజులు బాబూ," అన్నాడు మేస్త్రి.

ఫాంగ్ గారు అది శ్రద్ధగా రాయించుకున్నారు. నెల తిరక్కుండా ఆయనకు పతకం వచ్చింది. వంతెన మీదే సభ పెట్టి, "మేం చెయ్యి పట్టుకుని నడిపించకపోతే ఈ అమాయక ప్రజలు ఒక్క దుంగైనా ఎత్తగలిగేవారా?" అని ప్రసంగించారు. ఆ దుంగలెత్తిన మేమందరం చేతులు వాచేలా చప్పట్లు కొట్టాం. కొట్టనివాడు మేస్త్రి ఒక్కడే. సభ అయ్యాక అతన్ని చుట్టుముట్టి గట్టిగా చీవాట్లు పెట్టాం.

"అంత పెద్దాయన మనూరొస్తే, రెండు చప్పట్లు కొడితే నీ సొమ్మేం పోయింది తాతా?"