గుమ్మంలో కలబాసా

ఆ ఉదయం గడియారాలు బాగుచేసే ఎవారిస్తో పెట్టుకున్న పని ఒక్కటే: కాసిల్దా గోడగడియారం ఆమెకు తిరిగి ఇచ్చేయడం. అది బాగై మూడు వారాలైంది. ఇచ్చేస్తే "ఇంకా కాలేదా?" అంటూ ఆమె కొట్టుకు రావడం మానేస్తుందని దాచాడు. తెల్లవారుజామున కలొచ్చింది. ఆలివ్ తోటలో పొగమంచు, ముందు కాసిల్దా. పన్నెండేళ్లుగా గొంతులోనే ఉన్న పెళ్లి మాట అనేశాడు. ఆమె వెనక్కి తిరిగేలోగా మెలకువ వచ్చింది.

తలుపు తీస్తే వీధిలోనూ అదే పొగమంచు. గుమ్మంలో కాసిల్దా పెరటి చారల గుమ్మడికాయ.

ఆ అందలూసియా కొండల్లో కలబాసా అంటే గుమ్మడికాయే. పెళ్లి అడిగినవాడికి ఇస్తే మాత్రం "వద్దు" అని అర్థం. ఎవారిస్తో మెట్టు మీద కూలబడ్డాడు.

నిజానికి కాసిల్దా దాన్ని పై వీధిలో అక్క ఇంటికి, బాప్తిజం విందు కోసం మోసుకెళ్తూ, చేతులు పీకుతుంటే అక్కడ దించి, తోపుడుబండి కోసం వెనక్కి వెళ్లింది.

ఎదురింటి ముసలామె బ్రిహిదా చూడనే చూసింది. "అయ్యో నాయనా! కాసిల్దా ఇచ్చిందా? ఎప్పుడడిగావు?"

"తెల్లవారుజామున," అన్నాడతను నిజాయితీగా.

పావుగంటలో ఊరంతా తెలిసింది. రిటైరైన లెయాంద్రో మాస్టారు ఓదార్చడానికి వచ్చారు.

"కలబాసా అన్న మాట అరబ్బులు తెచ్చారంటారు. కాదు, రోమన్ల కంటే ముందే ఇక్కడుందంటారు. నేను పరీక్ష తప్పితే మా నాన్న కలబాసా అన్నాడు, బుర్ర ఖాళీ అనడానికీ అదే అన్నాడు. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలీదయ్యా. తగిలినవాడికి మాత్రం తెలుస్తుంది."

"ఇప్పుడేం చెయ్యను మాస్టారూ?"

"ఎదురుగా పెట్టుకుని ఏడవకు. కత్తి తే."

గుమ్మడికాయ ముక్కలై, పొయ్యి మీద వెల్లుల్లి వేగుతుంటే ఎవారిస్తోకు తాను ఇంకా కలలోనే ఉన్నట్టనిపించింది.

బండి తోసుకొస్తున్న కాసిల్దాను రొట్టెల కొట్టామె ఆపింది. "బంగారంలాంటి మనిషి! ఎందుకమ్మా కాదన్నావు?"

"ఎవరిని?"

"ఎవారిస్తోని. పెళ్లాడమని అడిగాడటగా!"

కాసిల్దా ముఖం ఎర్రబడింది. బండిని అతని గుమ్మానికి గుద్ది లోపలికొచ్చింది. "ఊరందరికీ చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ. కల్లో."

"నేనేమన్నాను?"

"అనేలోగా లేచిపోయాను. తలుపు తీస్తే మీ జవాబు ఉంది. నేనేమీ అనుకోను."

కాసిల్దా పొయ్యి మీదికి చూసింది. "అది జవాబు కాదు, మా అక్క కూర!" తర్వాత గొంతు తగ్గింది. "మెలకువగానే ఉన్నారుగా. ఇప్పుడడగండి."

అడిగాడు. మాస్టారు గరిటె కదపడం ఆపారు.

"కాదందామన్నా చేతిలో కలబాసా లేదు, మీరు కోసేశారు," అంది కాసిల్దా, అతని పక్కన కుర్చీ లాక్కుంటూ.

బాప్తిజానికి ఇద్దరూ రెండు గంటలు ఆలస్యంగా, మాస్టారు తినగా మిగిలిన కూరతో వెళ్లారు. అక్క వాళ్లిద్దరినీ దీవించింది, కలబాసా ఎవరిచ్చినా పుచ్చుకోనంటూ గిన్నెను మాత్రం తీసుకోలేదు.