అందరూ దిద్దిన ఆహ్వానం

ప్రభుత్వం చేసేదంతా జనానికి తెలియాలి, జనం సొంత విషయాలు ప్రభుత్వానికి అక్కర్లేదు అన్నది ఆ చిన్న పార్టీ సిద్ధాంతం. దాని అధ్యక్షుడు కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాడు. ఆ రోజు సాయంత్రంలోగా వంద సంతకాలు చిరునామాలతో అందకపోతే ఎన్నికల కార్యాలయం పార్టీ గుర్తింపు రద్దు చేస్తుంది. అందుకని పొద్దున్నే పార్టీ పేజీలో, "సంతకం పెట్టడానికి మా ఇంటికి రండి, మంచినీళ్లిస్తాం" అని ఆహ్వానం పెట్టాడు.

ఆ పేజీని ఎవరైనా దిద్దవచ్చు. ప్రజాస్వామ్యం కదా. కాసేపటికి మంచినీళ్లు టీ అయ్యాయి. టీ టిఫిను అయింది. భార్య చూసేసరికి భోజనం దాకా వచ్చింది.

"తీసెయ్యండి."

"అధ్యక్షుడికి ఆ అధికారం లేదే. ఓటింగ్ పెట్టాలి."

"పెట్టండి మరి."

పెట్టాడు. భోజనం భారీ మెజారిటీతో నెగ్గింది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా వచ్చింది. అత్తాకోడళ్లు పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పస్తు పంపితే దేవుడు ఒప్పుకోడని అత్తగారి నమ్మకం. అంతమందిని చూసి అధ్యక్షుడికి ఒళ్లు పొంగింది. వడ్డన సాగుతుండగా ఊరూ పేరూ ఎవరికీ ఊరికే ఇవ్వకూడదని గంటసేపు మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు సంతకాల కాగితాలు పంచాడు.

పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు చెయ్యి తుడుచుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇది ఎవరికి వెళ్తుంది నాయనా?"

"ఎన్నికల కార్యాలయానికి, బాబాయ్."

"వాళ్లేం చేస్తారు?"

అధ్యక్షుడు నసిగాడు. "గోడకి అంటిస్తారు. ప్రతి కాగితం జనానికి చూపించాలని పోయినేడు మేమే పోరాడి సాధించాం."

"అయితే మా చిరునామాలు ఊరంతా చదువుతుందన్నమాట. ఇప్పుడేగా వద్దన్నావు? బాగా చెప్పావు, నాకు మనసుకెక్కింది."

అందరికీ ఎక్కింది. ఒక్కొక్కరే ఖాళీ కాగితం బల్ల మీద పెట్టి, వంట బాగుందని చెప్పి వెళ్లిపోయారు. అధ్యక్షుడికి ఏడవాలో గర్వపడాలో తెలియలేదు.

తల్లి కొంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చింది. "ఇలా తేరా, సంతకం ఎక్కడ పెట్టాలి?"

"అమ్మా, నా ఉపన్యాసం వినలేదా?"

"ఎక్కడ వినిచచ్చాం? నేనూ కోడలూ వంటింట్లోనే ఉన్నాం."

ఆ రోజు పార్టీకి వచ్చిన సంతకాలు రెండూ ఉపన్యాసం విననివాళ్లవే.